గేదె చెవిన వేసిన మాటలు

వానలు వెనక్కి తగ్గి చలి ఇంకా రాని ఈ రోజులకు పుస్తకాల్లో శరత్తు అని మంచి పేరుంది. తెల్లమబ్బులు, వెన్నెల, రెల్లుపూలు అని ఏదేదో రాస్తారు. మా ఇంట్లో శరత్తు పత్తి రూపంలో వస్తుంది. వచ్చి నేరుగా నా గదిలో కూర్చుంటుంది. మొదటి తీత చేలో నుంచి రాగానే, ఇప్పుడు ధర లేదంటూ మా అబ్బాయి దాన్ని తెచ్చి నా గదిలో పోయిస్తాడు. ధర వచ్చేదాకా ఆ గది పత్తిది. నేను మంచంతో సహా వసారాలోకి మారతాను. పత్తికి చెమ్మ తగలకూడదు, దుమ్ము పడకూడదు, కిటికీ తీసి ఉంచాలి అని అందరూ జాగ్రత్తలు చెబుతారు. నా గురించి ఎవరైనా ఇన్ని జాగ్రత్తలు చెప్పగా నేను వినలేదు.

ఒక ఏడాది మా కోడి ఆ కుప్పలోకి దూరి గుడ్లు పెట్టి పొదిగింది. పత్తి చూడటానికి వచ్చిన వ్యాపారి కుప్పలో చెయ్యి పెడితే లోపల్నుంచి పిల్ల కీచుమంది. ఆయన ఏమీ జరగనట్టు చెయ్యి తీసి, పింజ బాగుంది గాని తేమ ఎక్కువుంది అని ధర తగ్గించాడు. మా ఇంటి సంగతి తెలియాలంటే ఈ ఒక్కటి చాలు.

వసారాలో పడుకునేదాన్ని కాబట్టి కాలం మారడం ముందుగా నాకే తెలుస్తుంది. తెల్లారేసరికి దుప్పటి చెమ్మగా ఉంటుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల నుంచి వచ్చిన చుట్టాలు కూడా ఎండ మాట ఎత్తడం మానేస్తారు. మాచర్ల కొండల వైపు నుంచి సీతాఫలాలు బుట్టల్లో దిగుతాయి. చిక్కుడు పాదు పూతకొస్తుంది. పచ్చి చింతకాయ తొక్కు తొక్కే పని నెత్తి మీదికొస్తుంది. మా గేదె కూడా ఎప్పుడు ఈనినా ఈ రోజుల్లోనే ఈనుతుంది. ఈ ఏడు కూడా అంతే. దూడ పుట్టింది, పాలు మొదలయ్యాయి, ఇంట్లో గొడవా మొదలైంది.

ఆ గొడవ అర్థం కావాలంటే ముందు గోడ గురించి చెప్పాలి. గురజాల దగ్గరి పల్లెలో మా మామగారు కట్టించిన ఈ ఇల్లు ఒకప్పుడు ఒకటే. పంచాయతీ ఎన్నికల్లో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, సర్పంచ్‌గా నిలబడ్డారు. మా ఆయన పోయి పోయి ఎదుటి మనిషికి జెండా మోశాడు. బావగారు ఓడిపోయారు. మర్నాడే ఇంటి నడుమ గోడ లేచింది. వీధి గుమ్మం దగ్గర మొదలై, హాలును చీల్చి, వంటింటిని చీల్చి, పెరట్లోకి వచ్చి, గొడ్లచావిడి దగ్గర ఇటుకలు అయిపోయి ఆగింది. మిగతా ఇటుకలు నువ్వు తేవాలంటే నువ్వు తేవాలని అన్నదమ్ములు పంతానికి పోయారు. ఆ ఇటుకలు ఈనాటికీ రాలేదు.

గోడ ఆగిన చోట గేదెకు మేత వేసే గాడి ఉంది. అందువల్ల పంపకాల్లో గేదె మాదే అయినా, కట్టేస్తే దాని ముఖం వాళ్ల భాగంలోకి వెళ్తుంది, పొదుగు మా భాగంలో ఉంటుంది. గాడికి అవతల మా తోడికోడలు అంట్లు తోముకునే బండ. నాకంటే పెద్దది, కాపురానికి వచ్చిన నాటి నుంచి అక్కా అని పిలిచేదాన్ని. గోడ లేచిన రోజున ఆ ఇంటితో మాటల్లేవని మా ఆయన నాతో చెప్పాడు, ఈ ఇంటితో మాటల్లేవని బావగారు ఆవిడతో చెప్పారు.

తర్వాత మా ఆయన పార్టీ మారాడు. హమ్మయ్య, ఇద్దరూ ఒకటవుతారనుకున్నాను. సరిగ్గా అప్పుడే బావగారు కూడా మారారు. ఆయన జెండా ఈయనకు, ఈయన జెండా ఆయనకు వచ్చింది, గోడ మాత్రం కదల్లేదు. ఇంకొన్నేళ్లకు ఇద్దరికీ ఆ మోజే పోయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే సెంటర్లో టీకొట్టు బల్ల మీద పక్కపక్కన కూర్చుని బీపీ మాత్రల గురించి మాట్లాడుకుంటారు. నడుచుకుంటూ కలిసే వస్తారు, చెరో గుమ్మంలోకి వెళ్లిపోతారు. మాటల్లేవని మాకు చెప్పిన మనుషులు, ఇప్పుడు ఉన్నాయని చెప్పడం మర్చిపోయారు. మేమూ అడగలేదు.

అడగనవసరం రాలేదు కూడా. గోడ లేచిన కొత్తలోనే ఒకరోజు అప్పటి గేదె మెడ చాపి, అక్క దండెం మీద ఆరేసుకున్న చీర కొంగు నమిలింది. అక్క చీపురు పట్టుకుని వచ్చి, నా వైపు చూడకుండా, గేదె ముఖంలోకి చూసి అంది.

"ఏమే, నీకు బుద్ధి లేదంటే సరే, గొడ్డువి. మీ అమ్మకన్నా ఉండక్కర్లా? నీకు మేత ఎయ్యట్లేదా ఏంది?"

నేను పాలు తీస్తూ ఇవతల నుంచి దాని వీపు మీద తట్టాను.

"ఏమే, మీ పెద్దమ్మకి చెప్పు. దండెం ఉండేది బట్టలకి, గాడిలో ఏలాడెయ్యటానికి కాదని."

గేదె ఇద్దరి మాటలూ విని చెవులాడించింది. ఆ రోజు పాలు ఎప్పటికంటే ఎక్కువ ఇచ్చింది. అప్పటి నుంచి అదే పద్ధతి. ఇద్దరం ఎవరి మాటా జవదాటలేదు. నేను ఆ ఇంటితో మాట్లాడలేదు, ఆవిడ ఈ ఇంటితో మాట్లాడలేదు. గేదెతో మాట్లాడవద్దని ఎవరూ చెప్పలేదు. ఆ గేదె పోయి దాని కూతురు వచ్చింది, కూతురు పోయి ఇప్పుడున్నది వచ్చింది. వినే ఉద్యోగం వాళ్లకు వంశంలో వచ్చింది.

ఆ గేదెకు తెలియని సంగతి లేదు. చింతకాయ తొక్కులో ఉప్పు ఎంతెయ్యాలో తెలుసు. నా కోడలు ఏ రోజు మూతి ముడుచుకుందో తెలుసు. నాకు నరసరావుపేటలో కంటి ఆపరేషన్ అనుకున్నప్పుడు, "భయపడొద్దని చెప్పవే మీ అమ్మకి. నాకూ చేశారు. చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అని అక్క దానితో అంది. ఆ మాటతోనే నేను ధైర్యంగా బస్సెక్కాను. నిజం చెప్పాలంటే మాకిద్దరికీ ఇదే హాయిగా ఉంది. ఎదురుబొదురుగా మాట్లాడుకోవాలంటే ముందు ఎన్నికల రోజు వీధిలో ఒకరినొకరు అనుకున్న మాటలు తేలాలి. గేదెకు ఎన్నికలతో పని లేదు.

ఇందులో ఒక చిక్కు మాత్రం వచ్చిపడింది. మా మాటలు చెవిన పడితేగాని గేదె చేపదు. చేపడం అంటే పొదుగులోకి పాలు దిగడం. దూడను వదిలినా, తౌడు పెట్టినా, పొదుగు కడిగినా అది రాయిలా నిలబడుతుంది. అవతల అక్క అంట్లు ముందేసుకుని ఒక మాట అనాలి, ఇవతల నేను బదులు చెప్పాలి, అప్పుడు పాలు జారతాయి. అక్క ఏ పెళ్లికో వెళ్లిన రోజున మా ఇంట్లో టీ ఉండదు. దానికి మూడ్ బాగుండలేదని మా కోడలు అనుకుంటుంది. మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు పత్తి బాగా పండింది. అదే నా కొంప ముంచింది. మా అబ్బాయి ఒక సాయంత్రం నా మంచం పట్టె మీద కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే ఏదో నాకు మేలు చేయబోతున్నాడని అర్థం.

"గేదెని అమ్మేద్దామమ్మా. గొడ్లచావిడికి రేకులు బిగిచ్చి పత్తి అందులో పోద్దాం. నీ గది నీకొచ్చిద్ది. ఈ మంచులో వసారాలో ఏంది నీకు?"

"నాకిక్కడే బాగుందిరా."

"వెన్ను పట్టేసిందని మొన్న అన్నావుగా."

"అది పోయింది."

కోడలు టీ గ్లాసు చేతికిస్తూ, "పాలు ప్యాకెట్ తెచ్చుకుందాం అత్తయ్యా. పేడ తీసే పనుండదు" అంది.

"ప్యాకెట్ చెవులాడిస్తదా?" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్నాడు మా అబ్బాయి నన్ను ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి బీపీ చూపించాడు. బీపీ బాగానే ఉంది. గేదె బేరం మాత్రం ఆగలేదు. నా గది నాకు ఇప్పిద్దామని నా కొడుకు పడుతున్న తాపత్రయం చూస్తే కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఎందుకు వద్దంటున్నానో చెప్పే దారి లేదు. ఆ గేదె పోతే నాతో మాట్లాడే మనిషి పోతుందని ఎవరితో అనాలి?

సాయంత్రం పాలు తీసేటప్పుడు గేదెకు కబురు చెప్పాను.

"ఏమే, నిన్ను చూసుకోటానికి రేపు నకరికల్లు వైపు నుంచి మనిషొస్తున్నాడంట. పాలు తీయించి చూసుకుని తోలకపోతాడంట."

అవతల గిన్నె మీద పీచు ఆగింది. అక్క గొంతు వినిపించింది.

"ఏమే, మీ అమ్మకి చెప్పు. రేపు నేను నోరు తెరవను. ఆమెని కూడా మూసుకు కూచోమను. పాలు రాకపోతే ఎవడు కొంటాడు నిన్ను?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న ఉపాయం నాకు తట్టనందుకు సిగ్గేసింది.

మర్నాడు కొనే రైతు వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. గేదె పళ్లు చూశాడు, తోక చూశాడు, పొదుగు కింద కూర్చున్నాడు. గోడకు ఇటు మా ఆయన, అటు బావగారు నిలబడ్డారు. అక్క బండ దగ్గర అంట్లు తోముతోంది, చప్పుడు లేకుండా. నేను తౌడు తట్ట పట్టుకుని పెదాలు బిగించుకున్నాను. గేదె ఒకసారి అటు చూసింది, ఒకసారి నా వైపు తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క చుక్క రాలేదు.

ఆయన దూడను వదిలి చూశాడు, మళ్లీ కడిగి చూశాడు. చివరికి లేచి తుండు దులుపుకున్నాడు.

"చేపని గొడ్డు నాకెందుకు అబ్బాయా. దీన్ని సంతలో కోతకి అమ్ముకో, ఎవడన్నా పట్టకపోతాడు."

మా అబ్బాయి విసుగ్గా, "అంతే చేస్తా. మేపి ఏంది లాభం?" అన్నాడు.

నా చేతిలో తట్ట జారింది. నేను నోరు తెరిచేలోపే అవతల నుంచి గిన్నె బండ మీద ఠంగున పడింది.

"ఏమే మొండిదానా, కోతకంట, విన్నావా? మీ అమ్మ నోరు పడిపోయిందా? మాట్లాడమని చెప్పు" అంది అక్క, అందరి ముందూ.

"ఏమే, మీ పెద్దమ్మకి చెప్పు. మూసుకు కూచోమన్నది ఎవరో అడుగు."

"నేనంటే అన్నాలే. ఇప్పుడు వద్దంటున్నా. తొక్కు పెట్టిందా మీ అమ్మ?"

"పెట్టలా. కాయలో ఇంకా పులుపు రాలేదని చెప్పు."

"వచ్చింది. పైకొమ్మల కాయ కొట్టించుకోమను. పోయినేడు లాగా ఉప్పు తక్కువెయ్యొద్దను, బూజు పట్టిద్ది."

గేదె చెవులు ఆడించింది. ఆ రైతు కింద కూర్చున్నాడో లేదో పాలు ధారకట్టాయి. చెంబు నిండి నురగ అంచు దాటింది. బావగారు గోడ మీద చెయ్యేసి, "ఎన్నాళ్ల నుంచిరా ఇది?" అని తమ్ముణ్ణి అడిగారు.

"మాట్లాడుకోవట్లేదుగా అన్నా. గొడ్డుతో చెప్పుకుంటున్నారు" అన్నాడు మా ఆయన. నియమం తప్పలేదని ఆయనకు తృప్తిగా ఉన్నట్టుంది.

అలా గేదె ప్రాణం నిలబెట్టి మేమే దాన్ని అమ్ముకున్నాం. మా పలుపు విప్పి నా చేతికిచ్చి, ఆయన తన కొత్త తాడు కట్టుకున్నాడు. దూడతో సహా ఆటో ఎక్కించారు. అక్క తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది. ఆ వారంలోనే చావిడికి అడ్డంగా రేకులు తగిలించి సగంలో పత్తి పోశారు. గాడి ఉన్న సగం అలాగే ఉంది. నా గది నాకొచ్చింది. మా అబ్బాయి కొత్త దుప్పటి కూడా పరిచాడు. నాకు నిద్ర పట్టలేదు.

అలవాటు చొప్పున తెల్లారే చెంబు పట్టుకుని చావిడికి వెళ్లేదాన్ని. అవతల అక్క ఉండేది. గాడి ఖాళీగా ఉండేది. ఒకరోజు మనసు ఉండబట్టక కట్టుగుంజతో మొదలుపెడదామని చూశాను. గుంజకు చెవులు లేవు, నాకు నోరు రాలేదు. మా కోడలి స్కూటీ అక్కడే పెట్టి ఉంది, అద్దాలు రెండూ బయటికి పొడుచుకుని చెవుల్లాగే ఉన్నాయి, దానితోనూ కాలేదు. అక్క ఒకసారి దగ్గింది. ఏమైందక్కా అని అడగడానికి నాకు దారి లేక అలాగే నిలబడ్డాను. అన్నేళ్లలో గోడ ఉందని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే. ఇంట్లోకి వచ్చి ఏడ్చాను. కోడలు చూసి, గేదె మీద ఇంత బెంగేంటని కళ్లనీళ్లు పెట్టుకుంది.

కొన్నాళ్లకు నకరికల్లు రైతు నుంచి ఫోన్ వచ్చింది. మా అబ్బాయి స్పీకర్ పెట్టాడు.

"అబ్బాయా, నీ గేదె చుక్క పాలియ్యట్లా. మీ వాళ్లిద్దరూ మాట్లాడితేగదా ఆ రోజు చేపింది. ఏమనుకోకుండా ఫోన్లో కాస్త మాట్లాడమను. దాని చెవు కాడ పెడతా."

మా అబ్బాయి పడీపడీ నవ్వాడు. నవ్వి, గేదెను వెనక్కి తోలతాడేమోనని భయపడి, కోడలి పాత ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పచ్చ గుర్తు ఎక్కడ నొక్కాలో చూపించాడు. సంగతి పెద్దమ్మకు చెప్పి రమ్మని కోడలిని పంపాడు.

గేదె చెవి దగ్గర ఉన్నది ఒక్క ఫోను. మా ఇద్దరి మాటలూ అందులో పడాలంటే ఇద్దరం ఒక్కచోట కూర్చోవాలి. తెల్లారే నేను ఇటు నుంచి, అక్క అటు నుంచి వచ్చి గాడి గట్టు మీద కూర్చున్నాం. మధ్యలో ఫోన్ పెట్టాం. అంత దగ్గరగా చూస్తే అక్క జుట్టు మొత్తం నెరిసిపోయి ఉంది. ఆవిడ కూడా నా వైపు అలాగే చూసి, చటుక్కున ఫోన్ వైపు తిరిగింది.

"ఏమే, బాగుండావా? మీ అమ్మ చిక్కిపోయింది, చూశావా?"

"ఏమే, మీ పెద్దమ్మకి దగ్గుకి మందేసుకోమని చెప్పు."

ఫోన్లో బుస వినిపించింది. తర్వాత ఆ రైతు గొంతు, "వచ్చినయ్యమ్మా, వచ్చినయ్యి, ఆపొద్దు" అని. మేము ఆపలేదు.

ఇక రోజూ అదే పని. కార్తీకం వచ్చింది. అక్క తలస్నానం చేసి, తులసి దగ్గర దీపం పెట్టి, తడి జుట్టుతోనే వచ్చేది. నేను సీతాఫలం తీసుకెళ్లేదాన్ని. తినమని గేదెతో చెబితే అక్క తినేది. ఊళ్లో అందరూ మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. నాకు లెక్క లేదు.

ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ రైతు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇంక మీకు శ్రమ లేదు. అది మా ఇంటామె గొంతుకి అలవాటైంది. నిన్న మీరు చెయ్యకముందే చేపింది."

సంతోషం నాయనా అన్నాను. అక్కకు చెప్పాలంటే గేదె లేదు, చెబితే రేపటి నుంచి అక్క రాదు. మర్నాడు ఫోన్ తీసుకెళ్లి మామూలుగానే మధ్యలో పెట్టాను. పచ్చ గుర్తు నొక్కలేదు. అక్క మామూలుగానే మొదలుపెట్టింది. ఇవాళ బుస వినపడలేదేమని అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. పండగ వంటలు, కోడళ్లు, మోకాళ్లు, అన్నీ మాట్లాడుకున్నాం. ఒకరోజు ఎన్నికల నాటి సంగతి కూడా వచ్చింది. "ఆ రోజు నోరు జారానని మీ అమ్మకి తెలుసంటావా?" అని అక్క అంటే, "ఇద్దరం జారామని చెప్పవే" అన్నాను. అంతటితో అది అయిపోయింది.

ఆ తర్వాత బాగా మంచు పడిన ఒక తెల్లవారుజామున, చీకట్లోనే దిండు పక్కన తడిమి ఫోన్ అందుకుని చావిడికి వెళ్లాను. మధ్యలో పెట్టాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. మెల్లగా వెలుగొచ్చింది. అక్క మాట మధ్యలో ఆపి, గట్టు మీద ఉన్నదాని వైపు వంగి చూసింది. నేనూ చూశాను. అది మా ఇంటి టీవీ రిమోట్.

అక్క రిమోట్ చేతిలోకి తీసుకుని, కొంగుతో మంచు తుడిచి, నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఏమే, మీ అమ్మకి చెప్పు. ఆ ఫోను వెలగట్లేదని మొదటి రోజే చూశానని. రేపటి నుంచి ఇయ్యేమీ మొయ్యొద్దను, ఇంట్లో ఎతుక్కుంటారు. చెవులకి గుడ్డ కట్టుకుని ఉత్తచేతులతో రమ్మను."

ఎవరికి బదులు చెప్పాలో తెలియక రిమోట్ వైపు చూశాను. తర్వాత తలెత్తాను.

"అట్టాగేలే అక్కా" అన్నాను.

ఆవిడ గబగబా ముఖం అటు తిప్పుకుంది. కొంగు కళ్ల దాకా వెళ్లింది. తర్వాత రిమోట్ నా ఒడిలో పెడుతూ, దానితోనే అంది.

"విన్నానని చెప్పవే మీ అమ్మకి."